లక్షణము తెలియని అపరాధము

పేరు లేని వ్యాధికి మందడుగుట కష్టము. లక్షణము తెలియని అపరాధమునకు దండనమడుగుట అంతకంటెను కష్టము. విద్యాలయములలో స్త్రీలకు కలుగు లైంగిక వేధింపుల చరిత్రము ఇందుకు నిదర్శనము.

1860లో పుట్టి 2024 వరకు అమలులో నుండిన భారత శిక్షాస్మృతి, 354, 509 సెక్షనులలో, స్త్రీ మర్యాదకు భంగము కలిగించుటను నేరముగా నెంచినది. అందు మర్యాదయే ప్రమాణము. ఆమె యిష్టానిష్టములు కావు. పిదప వాడుకకు వచ్చిన 'ఈవ్ టీజింగ్' అను మాట నేరమును వేళాకోళముగా జేసినది. తర్కశాస్త్రము లక్షణమునకు అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అని మూడు దోషములు చెప్పును. పై రెంటికిని అవ్యాప్తి దోషము గలదు. వీధిలోని ఆకతాయి వానికి చిక్కునేమో గాని, మార్కులు చేతబట్టుకొని ఒంటరిగా గదికి రమ్మను అధ్యాపకుడు చిక్కడు.

1974లో ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థినులు ప్రగతిశీల మహిళా సంఘమును స్థాపించి ఈ దుశ్చేష్టలపై ఉద్యమించిరి. మరుసటి యేడు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున 'సెక్సువల్ హరాస్‌మెంట్' అను పేరు ప్రచారమునకు వచ్చెను. అనగా పేరు కంటె ముందే మన బాలికలు నేరమును గుర్తించిరి. రాజస్థానమున బాల్యవివాహములను వారింపబోయి 1992లో అత్యాచారమునకు గురియైన భన్వరీ దేవి ఉదంతము మూలముగా సాగిన విశాఖ వ్యాజ్యమున, సుప్రీంకోర్టు 1997 ఆగస్టు 13న లక్షణమును నిర్ణయించెను.

అందు కీలకపదము 'అవాంఛితము'. తాకుట, లైంగికానుకూల్యమును కోరుట, అశ్లీలవాక్యములాడుట, అశ్లీల చిత్రములు చూపుట, మాటచేగాని చేష్టచేగాని జరుగు ఇట్టి ఇతర ప్రవర్తనము స్త్రీకి అవాంఛితమైనచో వేధింపే. 2013 నాటి చట్టమును, 2016 మే 2న ప్రకటితమైన విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘపు నిబంధనలును ఈ మార్గమునే అనుసరించినవి.

'ఇట్లైన గురువు మందలించినను అభియోగమే గదా' యని కొందరు అతివ్యాప్తిని శంకింతురు. ఆ శంక నిలువదు. ప్రవర్తనము లైంగికమును, అవాంఛితమును కావలెను. తక్కువ మార్కులు వేయుట నేరము కాదు. మార్కులకు ఆమె శరీరమును వెలగా నడుగుట నేరము.

'ఆమె కాదనలేదు గదా' యనునది మరియొక వాదము. దీనికి మా ప్రాంతపు పెద్దలే ఉత్తరము చెప్పగలరు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల రైతుకూలీలు దొరల పెత్తనముపై తిరుగబడిరి. గడీ ముందర కూలిస్త్రీ మౌనమును సమ్మతి యని వారెవరును అనరు. పరిశోధన పర్యవేక్షకుని గదిలో విద్యార్థిని మౌనము మాత్రము సమ్మతి యెట్లగును?

చట్టము ప్రకారము మూడు నెలలలోపల అంతర్గత సంఘమునకు ఫిర్యాదు చేయవలెను. దానికి స్త్రీయే అధ్యక్షురాలు. సభ్యులలో సగమునకు తక్కువ గాకుండ స్త్రీలుందురు. విచారణ తొంబది దినములలో ముగియవలెను.

కాని చట్టము తలుపు తెరచి యుంచిన మాత్రాన చాలదు. కోరుట్ల బీడీల యిండ్ల నుండియు, సిరిసిల్ల మరమగ్గముల యిండ్ల నుండియు మొదటిసారి కళాశాలకు పోవు బాలిక నోరు విప్పకుండుటకు పెద్ద కారణము, ఇంటిలో చెప్పిన చదువు మాన్పింతురను భయము. దోషి నిలిచి, చదువు పోవుట ఏమి న్యాయము? తలిదండ్రులారా, ఆమెను పంపునాడే ఒక్క మాట చెప్పుడు: 'అమ్మా, ఏమి జరిగినను మాకు చెప్పుము, నీ చదువు మాత్రము ఆగదు.' ఆ మాట లేనిచో ఏ లక్షణమును ఆమెను కాపాడజాలదు.