మాట వెనుక కథ: అవుట్‌లెట్

‘అవుట్’ అంటే బయటికి, ‘లెట్’ అంటే వదలడం. ఇంగ్లీషులో ఇది నీళ్లు బయటికి పోయే దారి. మన ఇరిగేషన్ ఇంజినీర్లకు ఇప్పటికీ అవుట్‌లెట్ అంటే కాలువ తూమే.

అమెరికాలో ఫ్యాక్టరీలు మిగిలిపోయిన సరుకునూ, చిన్నాచితకా లోపాలున్న సరుకునూ మొదట తమ పనివాళ్లకూ, తర్వాత అందరికీ చవగ్గా అమ్మాయి. అలా ‘ఫ్యాక్టరీ అవుట్‌లెట్’ వాడుకలోకొచ్చింది. 1995లో ఇంగ్లండ్‌లో తెరిచిన బిస్టర్ విలేజ్ లాంటి దుకాణ సముదాయాలు దానికి డిజైనర్ హంగులద్దాయి.

ఇప్పుడు అవుట్‌లెట్లలో ఉన్నదంతా మిగులు సరుకేమీ కాదు. వాటి కోసమే వేరుగా కుట్టించేవీ ఉంటాయి. కోచ్ బ్రాండ్ పాత హ్యాండ్‌బ్యాగుల్లో లోపలి స్టైల్ నంబరు ముందు ‘ఎఫ్’ ఉంటే అది అలాంటి ఫ్యాక్టరీ రకమే. కొట్టేసిన ధర చూసి మురిసిపోకండి. కుట్టు, జిప్పు, లేబుల్ చూసి కొనండి.