హాజర్ జవాబీ: నాజర్ పక్కన నిలబడినోళ్లు



మా నానీకి కథ పేరు యాది లేదు. యుద్ధం కథ అని మాత్రం చెప్పేది. ఆమె పడుచుగా ఉన్నప్పుడు మా తనకల్లులో ఎవరో బుర్రకథ చెప్పినారంట. వీరుడు గాయాలతో పడి దాహం దాహం అంటాడు. కథకుడు గొంతు బిగించి ఏడిపిస్తున్నాడు. అప్పుడు పక్కన డక్కీ వాయించేవాడు, "తనకల్లులో నీళ్లడగడం అప్పడిగినట్టే నాయనా, వేరే ఊర్లో పడిపోలేకపోతివా" అన్నాడంట. ఆ ఏడు చెనిక్కాయ చేలన్నీ ఎండిపోయినాయి. ఏడ్చేవాళ్లంతా నవ్వినారు.

ఉర్దూలో దీన్ని హాజర్ జవాబీ అంటారు. జవాబు నాలుక మీద హాజరుగా ఉండటం. మన దగ్గర తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క చేసే పని కూడా ఇదే. నిమ్మలకుంట బొమ్మలు చూసినోళ్లకు చెప్పక్కర్లేదు.

ఈ విద్యను దళాలు దళాలుగా నేర్పిన ఉస్తాద్ మన షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టినాడు. ఆయన జిందగీ కథ పుస్తకం పేరే 'పింజారి'. తిట్టుగా వాడే మాటను అట్ట మీద వేసుకున్న జిగర్ అది! 1943లో ప్రజా నాట్యమండలి ఏర్పడినాక, పాత జంగం కథను ఆయన, ఆయన సాథీలు అవామ్ ముందుకు కొత్తగా తెచ్చినారు. నడుమ తంబూరాతో కథకుడు, అటొకడు ఇటొకడు వంతలు. ఒకడిది రాజకీయం, ఒకడిది హాస్యం. బెంగాల్ కరువు, పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, ఏ కథైనా ఇదే కూర్పు.

మద్రాసులో తెల్లదొరలు, హైదరాబాదులో నిజాం సర్కారు బుర్రకథ మీద పాబందీ పెట్టినాయి. ఎందుకో నాకు తెలుస్తుంది. రాసిన కాగితమైతే పోలీసోడు ముందే చదువుకోవచ్చు. హాస్యగాడి నోట్లో ఏముందో వాడు అనేదాకా ఎవరికీ తెలీదు.

మరి దీన్ని షాగిర్దులకు నేర్పేదెట్లా? పాట నేర్పొచ్చు, అడుగు నేర్పొచ్చు. అప్పటికప్పుడు పుట్టే మాటను నేర్పలేం. దాన్ని పట్టుకునే పద్ధతి నేర్పొచ్చు. వంత అడ్డం పడితే కథకుడు కోపపడగూడదు, కథను వదలాలి, జనం నవ్వు తగ్గే లోపల తాళంలోనే మళ్లీ అందుకోవాలి. వంత కూడా కథకుడి ఊపిరి వినాలి. నా మట్టుకు ఈ తాలీమ్‌లో సగం వినడమే. మోటూరి ఉదయం వంటివాళ్ల మహిళా దళాలు కూడా ఆ జమానాలోనే ఊరూరా తిరిగినాయి.

తర్వాత సినిమా వచ్చింది. మండలి నడిపిన డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో 'పుట్టిల్లు' తీసినాడు. అల్లు రామలింగయ్య తెరకెక్కింది దానితోనే. 1954 'అగ్గిరాముడు'లో నాజర్ దళం అల్లూరి కథ చెప్పింది. ఆ రూపం చూడగలుగుతున్నందుకు షుక్రియా. కాకపోతే రాత్రంతా సాగే కథ తెర మీద నిమిషాల్లో అయిపోతుంది, అదే మాట గుంటూరులోనూ మద్రాసులోనూ. నీళ్ల ముచ్చట తనకల్లుకు తగ్గట్టు మారదు.

మర్హూమ్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ ఇచ్చినారు. 1997లో ఇంతెకాల్ అయినాడు. మా దూదేకులోళ్లను "తురకం రాని తురకోళ్లు" అని అటు నవ్వుతారు, ఇటు "సాయిబుకు తెలుగెట్లా వచ్చె" అంటారు. నాకు ఈ రెండో సవాల్ ఇస్కూల్లోనే ఎదురైంది. ఉర్దూ నేను పెద్దయినాక నేర్చుకున్నా. మా ఇంటి జబాన్ తెలుగే, నాజర్ గొంతులో మోగిందీ అదే.

అచ్చైన బుర్రకథల్లో కథ ఉంటుంది, దరువు ఉంటుంది. ఆ రాత్రి పుట్టిన మాటలు ఉండవు. అందుకే నానీ దగ్గర కూర్చుని నోటుబుక్కు తీసినా. నీళ్ల మాట ఒకటి రాయించింది. రెండోది మొదలుపెట్టి, చెప్పకముందే తనే నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. రేపు చెప్తాలే బేటా అనింది. ఆ పేజీలో "రెండు" అని అంకె మాత్రం ఉంది.