మెడలో చెక్క టికెట్

అండమాన్‌ వచ్చిన ఖైదీ మెడకు ఇనుప కడియం వేసి, దానికి చెక్క టికెట్ తగిలించేవారు. దాని మీద ఉండేవి నంబరు, సెక్షను, శిక్ష పడిన తేదీ, విడుదల తేదీ. ఊరు, ఇంటిపేరు, చేసిన పని ఎక్కవు. 1911 జులైలో సెల్యులర్ జైలుకు చేరిన వినాయక్ దామోదర్ సావర్కర్ 32778వ నంబరు. రెండు యావజ్జీవాలు కలిపి 50 ఏళ్లు కాబట్టి, విడుదల 1960లో!

మనిషిని ఇలా ఒక టికెట్‌లోకి కుదించడమూ ఒక రకం అమూర్తతే. చిత్రకళలో అమూర్తత అంటే ఆకారాన్ని వదిలి రంగును, రేఖను పట్టుకోవడం. తర్కంలో విడి వస్తువులను వదిలి వాటికి ఉమ్మడిగా ఉన్న గుణాన్ని పట్టుకోవడం. పాలనలో ఇంకొంచెం మొరటు పని: దస్త్రానికి పనికొచ్చినంత మనిషిని ఉంచుకుని మిగతాది పారేయడం. 1858 మార్చి 10న డాక్టర్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన తర్వాత ఆ పని దశాబ్దాల పాటు సాగింది. 1879-80 రంప తిరుగుబాటులో పట్టుబడిన మన్యం వాళ్లలో కొందరూ ఈ దీవులకే వచ్చారు.

ఖైదీల మాట అలా ఉంచితే, దీవుల అసలు వాసులనూ వదల్లేదు. అధికారి ఎం.వి. పోర్ట్‌మన్ 1890ల మొదట్లో అండమానీయులను గళ్ల తెర ముందు నిలబెట్టి ఫొటోలు తీశాడు, ఒళ్లంతా కొలిపించాడు. గళ్లు లెక్కపెడితే చాలు, లండన్‌లో కూర్చున్న పండితుడికి మనిషి ఎదుట లేకపోయినా కొలత దొరికేస్తుంది. అప్పటికే 1877 నాటి తట్టు వాళ్లను ఊడ్చేసింది. 1901 జనగణనలో గ్రేట్ అండమానీయులు 625 మందే.

కాస్త మంచి నడవడిక చూపిన ఖైదీలకు సొంతంగా సాగు చేసుకుని బతికే అనుమతి, ఖైదీ స్త్రీలను పెళ్లాడే వీలు ఉండేవి. పంజాబీ, బెంగాలీ, మద్రాసీ అన్న తేడాలు పొయ్యి దగ్గరే కరిగాయి. ఇంటి భాష హిందుస్తానీ అయింది. ఆ ఇళ్లలో పుట్టిన పిల్లలను సర్కారు రాతలో ‘లోకల్ బార్న్‌’ అన్నారు.

ఆ ముద్ర ఇప్పటికీ చెల్లుతోంది. దీవుల ఓబీసీ జాబితాలో 1942కు ముందు స్థిరపడ్డ లోకల్ బార్న్‌లకు చోటుంది. ఆ ఏడాది మార్చిలోనే జపాన్ సేన దిగింది. మరి తెలుగువాళ్ల సంగతి? 2011 లెక్కల్లో దీవుల జనాభాలో తెలుగు మాట్లాడేవారు 13 శాతం పైనే. వీళ్లలో ఎక్కువమంది చేపల వేటకో, కట్టుబడి పనికో స్వాతంత్ర్యం తర్వాత ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలే. ముత్తాత చెక్క టికెట్ వేసుకుని రాలేదు గనుక వాళ్లకు ఆ వర్గంలో చోటు లేదు.