రేగడ శబ్దము - నేలల వర్గీకరణ చరిత్ర

బెంగుళూరు నగరమున ఎచ్చట పునాది త్రవ్వినను పైకి వచ్చునది ఎర్రమన్ను. ఈ యూర పెరిగిన తెలుగు పిల్లలకు నేల యనగా ఎరుపే. వారి తాతలు కోలారు, చిత్తూరు, అనంతపురము ప్రాంతములనుండి వచ్చినవారైనను, మనుమలకు మడక పట్టిన మాటలు తెలియవు. కొన్ని యేండ్ల క్రిందట నా తరగతిలో ఒక పాఠమునందు 'నల్లరేగడి' యను మాట వచ్చినది. ఒక బాలుడు లేచి, "సార్, రేగడంటేనే నల్లది కదా, మళ్ళా నల్ల రేగడి అనేది ఎందుకు?" అని యడిగెను. 'నడి మధ్య' యన్నట్లు అదియును వాడుకలో వచ్చిన పునరుక్తియే యని చెప్పి కూర్చుండ బెట్టితిని. ఆ సమాధానము తప్పని తెలిసికొనుటకు నాకు చాలకాలము పట్టినది. నేను చేసిన తప్పే నాకు ముందు ఒక శతాబ్దముపాటు పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులును, దొరతనమువారి కచ్చేరీలును చేసియుండిరని తెలిసిన పిమ్మట ఈ వ్యాసము వ్రాయ సాహసించితిని.

మొదట మాటను చూతము. రేగడ, రేగడి యనునవి మన రైతుల నోట నేటికిని జీవించియున్న పదములు. ఎర్రరేగడి యను మాటయు కలదు. రేగడ యను పదమునకు నలుపే అర్థమైనచో 'ఎర్రరేగడి' యనుట పొసగదు. కావున రేగడ రంగు పేరు కాదు; అది బంక గల మంటి పేరు. తడిసినపుడు కాలికి అంటుకొని యూడిరాని గుణమునకు పెట్టిన పేరు. నల్ల, ఎర్ర యను విశేషణములు ఆ తరువాత వచ్చి చేరినవి. మన నేలల పేర్లలో పెక్కింటి తీరు ఇట్టిదే. దుబ్బ యన్నచో వదులుగా రాలు ఇసుకపాటి నేల. గరప యన్నచో ఇసుకయు మన్నును కలిసినది. చవుడు ఉప్పు తేలినది. ఒండ్రు ఏరు తెచ్చి వేసినది. నీరు ఇంకునా, నిలుచునా, మడక దిగునా దిగదా యను ప్రశ్నలకు ఈ పేర్లే సమాధానములు. (కన్నడమున నల్లనేలను 'ఎరె' యందురు. మన పిల్లలు దానిని విని 'ఎర్ర' యని భ్రమపడుట తరగతిలో పలుమారు చూచితిని. సరిహద్దు నగరమున తెలుగు చెప్పువారికి ఇట్టి చిక్కులు తప్పవు.)

నల్లరేగడి స్వభావము ఎరుగని పట్టణవాసులకై రెండు మాటలు. ఎండకాలమున ఈ నేల నెర్రెలు విచ్చును. ఆ నెర్రెలలో చేతికర్ర దిగిపోవును. పైమట్టి పొడియై అందులో రాలును. వాన పడగానే మన్ను ఉబ్బి నెర్రెలు మూసికొనును. పిమ్మట నీరు లోనికి ఇంకుట మిక్కిలి మెల్లన. తడినాడు మడక కదలదు, ఎండినాడు మడక దిగదు. నడుమనున్న కొద్ది దినముల పదునే రైతుకు దిక్కు. అందువలన అనేక తావులలో వానకారునందు దీనిని బీడు పెట్టి, నిలిచిన తేమపై చలికాలపు పైరుగా జొన్నయో సెనగయో విత్తుట వాడుక. చెలకనేల కిట్టి బెడద లేదు. దానిలో నీరు సులువుగా దిగిపోవును. అందుచేతనే వాన నాలుగు దినములు వెనుకాడినచో పైరు వాడును.

ఇక ఈ మాట సముద్రములు దాటిన కథ. 1800వ సంవత్సరమున ఫ్రాన్సిస్ బుకానన్ అను వైద్యుడు వెల్లస్లీ ప్రభువు ఆజ్ఞపై చెన్నపట్టణమునుండి బయలుదేరి, బెంగుళూరు మీదుగా మైసూరు సీమను, కన్నడ తీరమును, మలబారును చుట్టివచ్చెను. 1807లో ముద్రితమైన ఆయన యాత్రాగ్రంథమున రైతులు తమ నేలలకు పెట్టుకొన్న పేర్లు ఊరూరను వ్రాయబడి యున్నవి. మలబారులో ఇటుకలుగా కోసి యెండబెట్టు మంటికి ఆయనయే, ఇటుక యను అర్థము గల లాటిన్ మాటనుండి, 'లేటరైట్' అని పేరు పెట్టెను. అది దొర కల్పించిన పేరు. నల్లనేలకు మాత్రము అట్టి కల్పన అవసరము కాలేదు. దక్కను నందలి వాడుక మాటనే 'రేగర్' అని యుచ్చరించి గ్రంథములలో ఎక్కించిరి. 1840వ దశకమున చెన్నపట్టణపు సైన్యములోని న్యూబోల్డ్ దక్షిణదేశపు శిలలను గూర్చి వ్రాయుచు ఈ నేలను గూర్చియు విపులముగా చర్చించెను. ఇది క్రిందనున్న నల్లరాతినుండి పుట్టినదా, నీటిచే కొట్టుకొనివచ్చి నిలిచినదా యనుట ఆనాటి వివాదము.

మాట యెవరిది యనుట మరియొక వివాదము. 1886లో వెలువడిన యూల్, బర్నెల్ గార్ల 'హాబ్సన్ జాబ్సన్' అను పదకోశమున, దీనికి పారసీకమున ఇసుక యను అర్థము గల 'రేగ్' తో సంబంధము ఉండవచ్చు నేమో యని సందేహము తెలుపబడినది. విల్సన్ పండితుడు దీనిని తెలుగుగా చూపెననియు అచ్చటనే కలదు. ఆ సందేహము నిలువదని నా యభిప్రాయము. రేగడకు ఇసుక బంధువు కాదు, పగ. చేత మన్ను పట్టి చూచినవాడు ఎవడును బంకమంటికి ఇసుక పేరు పెట్టడు.

ఈ పదమునకు కచ్చేరీలో జరిగిన సంస్కారము అన్నింటికంటె వింత. మద్రాసు రాజధానిలో 1855 పిమ్మట నడచిన సర్వే సెటిల్మెంటునందు నేలలను ఒండ్రు, రేగడ, ఎర్రనేల, సున్నపునేల, ఇసుకనేల యని జాతులుగా విభజించిరి. ప్రతి జాతిని మరల బంక, గరప, ఇసుక యని చీల్చిరి. వాటికి తరములు కట్టిరి. రేగడ జాతిలో బంకరేగడ, గరపరేగడ యుండుటయే కాక ఇసుకరేగడ కూడ నుండెను! తెలుగు రైతు చెవికి 'ఇసుకరేగడ' యనునది 'తియ్యని వేము' వంటిది. దీనినిబట్టి దొరతనమువారు రేగడ యనగా నలుపనియే తీసికొనిరని స్పష్టము. ఇది మాటల తగవు మాత్రమే కాదు. ఆ తరమునుబట్టి శిస్తు. ఆ శిస్తు సామాన్యముగా ముప్పది యేండ్లు. పొలము ఏ గడిలో పడినదో దానినిబట్టి ఒక తరమువారి చెల్లింపు నిర్ణయమగుచుండెను.

శాస్త్రజ్ఞులును రంగునే నమ్మిరి. రష్యా దేశపు గడ్డిమైదానములలో 'చెర్నోజెమ్', అనగా నల్లమన్ను, అను ప్రసిద్ధమైన నేల కలదు. దొకుచాయెవ్ అను పండితుడు 1883లో దానిపై మహాగ్రంథము రచించి, నేల యనునది కేవలము రాతిపొడి కాదు, రాయి, వాతావరణము, చెట్టుచేమలు, జీవులు, మిట్టపల్లములు, కాలము కలిసి పుట్టించునది యని నిరూపించెను. అమెరికాలో అయోవా, ఇల్లినాయి రాష్ట్రముల ప్రెయిరీ నేలలు దాని జ్ఞాతులు. అచ్చట మనిషి యెత్తు గడ్డి వేలకొలది యేండ్లు పెరిగినది. దాని పీచువేళ్ళు ఏటేట లోపలనే క్రుళ్ళి, రెండు మూడడుగుల లోతువరకు మన్నును నలుపు చేసినవి. పిడికిట పట్టి నలిపినచో ఆ మన్ను రవ్వరవ్వగా విడును. ఎండినను రాయి వలె గట్టిపడదు. చెర్నోజెమ్ క్రింద సున్నపు పొర మిగిలియుండగా, వాన యెక్కువగు ప్రెయిరీలో నీరు చక్కగా దిగుటచే ఆ సున్నము ఇంకను లోతునకు పోయినది. అందు సేంద్రియ కర్బనము తరచు నూటికి రెండు మూడు పాళ్ళుండును.

మన నల్లరేగడియు నల్లనిదే. కావున ఇదియు ఆ కుటుంబమునకు చెందినదేయని, ఉష్ణదేశపు చెర్నోజెమ్ అని పలువురు తలచిరి. పరీక్షించి చూడగా ఇందు సేంద్రియ కర్బనము సామాన్యముగా నూటికి ఒక పాలు కూడ లేదు. తరచు అందులో సగమే. ఆ కొంచెము కుళ్ళుపదార్థము బంకతో గాఢముగా పెనగొని నలుపు నిచ్చుచున్నది. ప్రెయిరీ నలుపు బలిమి. మన నలుపులో ఆ బలిమి లేదు. మన పెద్దలు నల్లరేగడికి సైతము బండ్లకొలది పెంటయు, పాటిమన్నును తోలుచుండుట ఊరకే కాదు.

తప్పు దిద్దబడుటకు ఇరువదవ శతాబ్ది నడిమి దాక పట్టినది. 1950 ప్రాంతమున ఓక్స్, థార్ప్ అను అమెరికా పండితులు టెక్సాస్ నల్లబంకను, మొరాకో 'తీర్స్' నేలను, మన రేగడను ఒక్కచోట చేర్చి, వీటికి వేరే జాతి ఏర్పరచి 'గ్రుముసాల్' అని పేరిడిరి. 1960లో అమెరికా వ్యవసాయశాఖవారి నూతన వర్గీకరణమున ఆ జాతి 'వెర్టిసాల్' అయినది. 1975 నాటి పూర్తి గ్రంథమున స్థిరపడినది. లాటిన్‌లో తిరగబడుట యను అర్థమునుండి ఆ పేరు వచ్చినది: నెర్రెలలో పైమన్ను పడి, అడుగుమన్ను ఉబ్బి పైకి లేచుటచే నేల తనను తానే కలియబెట్టుకొనును. ప్రెయిరీ నేలకు 'మాలిసాల్' అని పేరు. మెత్తనిది యని యర్థము. మన దేశమున మాలిసాల్ చూడవలెనన్నచో హిమాలయముల పాదమున పంతనగర్ పరిసరములందలి తరాయికి పోవలెను. బెంగుళూరు ఎర్రనేలలో పెద్దభాగము 'ఆల్ఫిసాల్' జాతి; నీరు చక్కగా దిగునదియైనను గడ్డి పెంచిన నలుపు దానికి లేదు.

హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువు వద్ద 1972లో నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధనాక్షేత్రమున ఎర్రనేలయు నల్లనేలయు పక్కపక్కనే యున్నవి. ఎర్రదానికి పటాన్‌చెరు శ్రేణి యనియు, నల్లదానికి కాసిరెడ్డిపల్లి శ్రేణి యనియు పేర్లు. ఆ విధముగ రెండు తెలుగు ఊళ్ళ పేర్లు దేశదేశముల నేలశాస్త్ర పత్రికలకు ఎక్కినవి.

నన్ను మిక్కిలి ఆకర్షించిన సంగతి మరియొకటి. ఈ కొత్త వర్గీకరణమున ఒక నేల ఏ జాతియో తేల్చుటకు ప్రశ్నలు వరుసగా వేయుదురు. ఆ వరుసలో, బంకరేణువులు నూటికి 30కి తగ్గక యుండి ఎండకు నెర్రెలు విచ్చునా యను ప్రశ్న ముందు వచ్చును. పైపొర నల్లగా, మెత్తగా నున్నదా యను ప్రశ్న తరువాత వచ్చును. ముందు రేగడ, పిమ్మట నలుపు.

ఈ సంగతి తరగతిలో మరల చెప్పితిని. ఆనాడు ప్రశ్న వేసిన బాలుడు పై చదువునకు పోయెను. వినినవారు వేరు పిల్లలు. అందొక బాలిక, ముళబాగిలు దగ్గర అమ్మమ్మ గారి ఊర చెరువు ఎండినపుడు అడుగున తీయు మన్నును ఆమె రేగడ యనియే పిలుచుననియు, అది బూడిదరంగు దనియు చెప్పినది. నా పట్టికలో ఆ రంగు అంతవరకు లేదు. ఆ సాయంకాలమే చేర్చుకొంటిని.