పాటను నిలిపిన చేతివ్రాత

త్యాగరాజస్వామి కీర్తనలు మనకు ఎలా దక్కాయని అడిగితే, "శిష్యులు పాడుతూ వచ్చారు గనుక" అంటారు చాలామంది. నిజమే గాని, పాడిన గొంతులతో బాటు వ్రాసిన చేతులు కూడా ఉన్నాయి. తమిళనాట పుట్టి పెరిగిన తెలుగువాడిగా నాకు ఆ చేతుల కథ మీద మక్కువ ఎక్కువ. ఎందుకంటే వాటిలో ముఖ్యమైనవి తెలుగు ఇంటివి కావు.

స్వామి 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో నివసించి, 1847లో అక్కడే సిద్ధి పొందారు. ఆయన శిష్యులలో తిల్లైస్థానం, ఉమయాళ్పురం, వాలాజాపేట అని మూడు పరంపరలు పేరుకెక్కాయి. కొత్త కీర్తన వెలువడుతున్నప్పుడు ఒకరు పల్లవిని, ఒకరు అనుపల్లవిని, మరొకరు చరణాన్ని పట్టుకొని, తరువాత అందరూ కలిసి దానిని ఒక్కటిగా కూర్చుకునేవారని సంగీత విద్వాంసుల్లో ఒక మాట ఉంది.

వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ (1781–1874) తంజావూరు దగ్గరి అయ్యంపేటలో పుట్టారు. తరువాత వాలాజాపేటలో స్థిరపడ్డారు; ఆ ఊరు ఇప్పుడు రాణిపేట జిల్లాలో ఉంది. ఆయన ఇంటి భాష సౌరాష్ట్రం. అయినా ఆయనా, కుమారుడు కృష్ణస్వామి భాగవతారూ గురువుగారి కీర్తనలను తెలుగు లిపిలోనే వ్రాసి ఉంచారు. పలు కీర్తనలకు స్వరాలు కూడా వ్రాశారు. గురువుగారి జీవిత విశేషాలనూ వారే అక్షరబద్ధం చేశారు. ఆ వ్రాతప్రతులు మధురలోని సౌరాష్ట్ర సభకు చేరాయి. కీర్తన పాఠం మీద సందేహం వచ్చినప్పుడు పండితులు చూసే ఆధారాలలో అవి ముఖ్యమైనవి.

ఆ కాలంలో పుస్తకం చేసుకోవడం చిన్న పని కాదు. కాగితం వాడుకలోకి వస్తున్నా తాటాకు ఇంకా పోలేదు. లేత ఆకులను కోసి, ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, నున్నగా రుద్ది, ఒక్క కొలతకు కత్తిరించాలి. గంటంతో గీస్తే అక్షరం పడుతుంది గాని కంటికి ఆనదు. పసరులో గాని నూనెలో గాని కలిపిన దీపపు మసిని ఆకు మీద పూసి తుడిస్తే, గీతల్లో నిలిచిన నలుపే అక్షరమవుతుంది. గీసినదాన్ని చెరిపే వీలు లేదు. చివరకు ఆకులకు బెజ్జం వేసి, తాడు గుచ్చి, పైనా కిందా చెక్కలు పెట్టి కట్టాలి. పురుగు తినకముందే మళ్ళీ ఎవరో ఒకరు దానికి ప్రతి వ్రాయాలి.

లిపి సంగతి ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరం. "గానము" అన్నా "కానము" అన్నా అక్కడ ఒకే రూపు. ఒకటి పాట, రెండోది "చూడలేము" అనే మాట. అందుకే తమిళ లిపిలోని కీర్తనల పుస్తకాల్లో అక్షరాల పక్కన 2, 3, 4 అని అంకెలు వేస్తారు. అంకెలు లేని చోట, అర్థం తెలియని గొంతు ఏది పలికితే అదే నిలుస్తుంది.

మా ఇంట్లో ఒక పాటల నోటుబుక్కు ఉంది. మొదటి వ్రాత మా నాయనమ్మది, తెలుగు. రెండోది మా మేనత్తది, అదీ తెలుగే. మూడోది మేనత్త కూతురిది; అక్కడి నుంచి తమిళ లిపి. ఆ పిల్ల మా అందరికంటే బాగా పాడుతుంది. బడిలో తెలుగు నేర్పేవారు లేకపోతే ఆమె ఏం చేస్తుంది? కాని ముందు పేజీల్లో నాయనమ్మ వ్రాసినది ఆమెకు అందదు.

కనుక నాదొక మనవి. వచ్చే పుష్య బహుళ పంచమికి, ఆరాధన నాటికి, మీ ఊళ్ళో ఇరవై ఇళ్ళవారు కలవండి. ఒక్కొక్క ఇల్లు ఒక్క కీర్తనను సొంత చేతివ్రాతతో తెలుగులో వ్రాయాలి. దాని కింద అర్థాన్ని పిల్లలు చదవగల లిపిలో పెట్టండి. బొమ్మలు వేసేవారు అంచున బొమ్మ వేయండి. ఇరవై కాగితాలూ పేర్చి, దబ్బనంతో కుట్టి, అట్ట వేయండి. పిల్లల చేత కూడా ఒక్క పల్లవి అయినా తెలుగులో వ్రాయించండి, అక్షరం వంకర పోయినా సరే. వాలాజాపేటవారికి తెలుగు ఇంటి భాష కాదు. మనకు అది ఇంకా ఇంట్లో ఉంది.