‘గోపల్ల గ్రామం’ను ఎట్లా చదవాల?

మన సంఘం కూటాల్లో, పెండ్లిండ్ల కాడ ఒక మాట తిరగతానే ఉంటాది: “మనోళ్లు ఈ పక్కకు ఎందుకు వచ్చినారో కి.రా. రాసిపెట్టినారు, చదువుకోండి” అని. కి.రా. అంటే కి. రాజనారాయణన్. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ ఊరాయన. ఇంటి భాష తెలుగు, రాసింది తమిళం. ‘గోపల్ల గ్రామం’ 1976లో వచ్చింది. దాని తరువాయి ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి ఇచ్చినారు.

నవల గొప్పదే. అయితే దాన్ని పట్టా కాయితం మాదిరి చదివితే నష్టం మనకే. ఒక నవలకు అర్థం చెప్పాలంటే కత ఏంది అని అడిగితే చాలదు. ఎవరు చెప్తా ఉండారు, ఏ భాషలో చెప్తా ఉండారు, ఏది చెప్పకుండా వదిలినారు, ఈ మూడూ అడగాల.

చెప్పేది మంగత్తాయారు అవ్వ. నూరేండ్లు ఎప్పుడో దాటిన మనిషి. తెలుగుసీమలో చెన్నాదేవి అనే చక్కని పిల్ల ఉండిందంట. ఆమె మీద తురక రాజు కన్ను పడిందంట. మానం కాపాడుకోను ఊరు విడిచి దక్షిణానికి నడిచినారు. వెనక సైన్యం తరుముకొస్తే ఒడ్డున ఉండే మాను వంగి ఏరు దాటించింది. ఇదంతా మన ఇండ్లల్లో అవ్వలు చెప్పే కతే. అయితే 1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకంలో తొట్టియర్ల గురించి, అంటే మన రాజకంబళం వాళ్ల గురించి, ఇంచుమించు ఇదే కత ఉండాది. అక్కడా తురకోళ్లు వాళ్ల ఆడపిల్లల్ని పెండ్లాడాలని చూసినారు, అక్కడా చెట్లు వంగినాయి.

రెండు కులాలకు ఒకే కత ఉందంటే అది జరిగిన సంగతికి సాక్ష్యం కాదు. ఊరు విడిచినోళ్లు తమను తాము ఎట్లా తలుచుకోవాలనుకున్నారో దానికి సాక్ష్యం. “కరువుకు వచ్చినాము”, “నేల కోసం వచ్చినాము” అనేదాని కంటే “మానం కోసం వచ్చినాము” అనేది పిల్లలకు చెప్పుకోను బాగుంటాది గదా. ఈ కతను ఎత్తుకొని ఈ కాలపు తురకోళ్ల మీద పగకు వాడేవాళ్లకు అవ్వ కతా తెలియదు, చరిత్రా తెలియదు.

ఇప్పుడు చెప్పకుండా వదిలిన దానికి వద్దాము. కుమార కంపన మదురై మీదికి వచ్చింది 14వ శతాబ్దంలో. మదురై నాయకుల ఏలుబడి 1529 నుంచి 1736 దాకా సాగింది. పాళెగాండ్లలో తెలుగోళ్లు చాలామంది. 1799లో కయత్తారులో ఉరితీసిన కట్టబొమ్మన కూడా రాజకంబళం మనిషే. ఆ సైన్యాల వెంట, ఆ పాళెయాల నీడలో, నల్లరేగడి నేలను వెతుక్కుంటా వచ్చిన సేద్యగాండ్లు ఎందరో. అవ్వ కతలో ఈ బలం కనబడదు, పరుగే కనబడతాది.

అయితే కి.రా.కు ఇది తెలుసు అని నా నమ్మకం. నవల మొదట్లోనే ఒక చావు ఉండాది. దారిన పోయే నిండు చూలాలు దప్పికకు చెరువులో దిగితే, నగల కోసం ఒక దొంగ ఆమెను నీళ్లలో ముంచి చంపతాడు. చస్తా చస్తా ఆమె వాడి కాలివేలు కొరికి పట్టుకుంటాది. ఊరి పెద్దలు కొట్టైయార్ ఇంటోళ్లు. వాళ్లే కూడి తీర్పు చెప్పి దొంగను కొరత వేయిస్తారు.

ఈ రెండు కతల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక ఆడపిల్లను కాపాడుకోను దేశం విడిచినోళ్ల ఊరి చెరువులోనే ఇంకొక ఆడమనిషి చచ్చింది. చంపింది రాజు గాదు, దారిదొంగ. రాజుకు భయపడి పారిపోయి వచ్చినోళ్లే ఇక్కడ ప్రాణం తీసే తీర్పు చెప్పే రాజులైనారు. అడివి కాల్చి నేల చేసుకున్నారు, నేలతో పాటు అధికారమూ వచ్చింది. చివరకు విక్టోరియా రాణి 1858 ప్రకటనతో ఇంకొక ఏలుబడి నెత్తిన పడతాది. అధికారాన్ని తప్పించుకోవడం, చేతబట్టడం, మళ్లీ దాని కిందికి పోవడం, ఈ మూడూ కలిపి చదివితేనే నవల నిండుగా అర్థమైతాది. మొదటిదాన్నే పట్టుకొని మురిసిపోతే మిగతా రెండూ జారిపోతాయి.

భాష సంగతి ఇంకొకటి. అవ్వ తమిళంలో మాట్లాడతాది గానీ ఆమె నోట ఆ కత పుట్టింది తెలుగులో. ‘గోపల్ల’ అనే పేరులోనే నాకు మన పల్లె వినబడతాది. కి.రా. కరిసల్ సీమ తమిళ మాటలను ఏరి నిఘంటువు కూర్చినారు. అదే మట్టి మీద పలికే మన తెలుగు మాటలను ఏరేది మన పని.

అందుకే ఈ నవల మీద వ్యాసం రాసే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. మీ ఇంటి అవ్వ చెప్పే వలస కతను ఆమె మాటల్లోనే, ఆమె యాసలోనే, దిద్దకుండా రాసుకోండి. తర్వాత నవలతో పోల్చండి. ఎక్కడ తేడా వస్తాదో అక్కడ మన ఊరి చరిత్ర దొరకతాది. ఆ అవ్వలు ఉండగానే ఈ పని జరగాల.