ఆరుబయటి ఆసనాలు

ఉద్యానవనాలు, బస్టాండ్లు, రైల్వే ప్లాట్‌ఫారాలు, హోటళ్ళ ఆవరణలు మొదలైన చోట్ల ప్రజలు కూర్చొనుటకు ఏర్పాటు చేసే బెంచీలు, కుర్చీలు, అరుగులను ఆరుబయటి ఆసనాలు అంటారు. ఇవి ఎండకు, వానకు, నిరంతర వాడకానికి గురవుతాయి. కావున ధరతో పాటు స్థానిక వాతావరణాన్ని, నిర్వహణ ఖర్చును గమనించి పదార్థాన్ని ఎంచుకోవాలి.

ముఖ్య పదార్థాలు

* కలప: టేకులో సహజమైన నూనెలు ఉండుట వలన అది చెదలను, తేమను బాగా తట్టుకొంటుంది. ఎండకు బూడిదరంగుకు మారినా దాని గట్టిదనం అంతగా తగ్గదు.
* రాయి: చీమకుర్తి, కరీంనగర్ ప్రాంతాలలో దొరికే గ్రానైటు నీటిని చాలా తక్కువగా పీల్చుకొంటుంది. కడప, తాండూరు బండలు సున్నపురాయి జాతికి చెందినవి కనుక వాటిని ఆమ్లాలతో కడుగరాదు.
* ఉక్కు: మామూలు ఉక్కుకు జింకు పూత అవసరం. స్టెయిన్‌లెస్ స్టీలులో 316 రకంలో మాలిబ్డినం ఉంటుంది. అందుచేత ఉప్పుగాలికి అది 304 రకం కంటె బాగా నిలుస్తుంది.
* కాంక్రీటు: లోపలి కడ్డీలు తుప్పుపట్టి ఉబ్బితే పైపొర పగిలి రాలిపోతుంది.
* ప్లాస్టిక్కు: చవకైనది, తేలికైనది. అతినీలలోహిత కిరణాలను తట్టుకొనే రసాయనాలు కలపనిచో ఎండకు పెళుసుబారి, కుర్చీ కాలు హఠాత్తుగా విరిగే ప్రమాదం ఉంది.

ఎంపిక

విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాలలో గ్రానైటు గాని 316 రకం స్టీలు గాని మేలు. బోల్టులు కూడా తుప్పుపట్టనివై ఉండాలి. లేనిచో బల్ల గట్టిగా ఉన్నా అతుకులు ఊడిపోతాయి. వేసవి తీవ్రంగా ఉండే రామగుండం వంటి చోట్ల ఎండలోని రాయి, లోహం చర్మం కాలేంతగా వేడెక్కగలవు. వృద్ధులు, పిల్లలు కూర్చొనే చోట చెక్క పలకలు అమర్చుట లేదా ఆసనాలను చెట్టునీడన ఉంచుట మంచిది. నీరు నిలువకుండా కూర్చొనే భాగానికి కొద్దిపాటి వాలు ఇవ్వాలి.